దీవుల్లో మంచినీళ్ళు ఎక్కడివి? – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

వెనిస్, అండమాన్, కచ్ ఫొటోలు గత సంచికల్లో వేశాక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు బాగానే వచ్చాయి. సగం మంది ఖర్చెంతయింది అనే అడిగారు. అది పక్కన పెడుతున్నా, మా ఇంట్లో కూడా అదే అడుగుతున్నారు. మిగతా వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబులు.

వెనిస్ దాకా వెళ్ళి ఒక్క గొండోలా పడవ ఫొటో కూడా వేయలేదు. దానికి బదులు రాతి తొట్ల లాంటివి, వాటి మీద ఇనుప మూతలు, పేజీ నిండా అవే. మా స్టాఫ్ రూంలో అందరం నవ్వుకున్నాం. ఏంటవి?
– ఉపాధ్యాయురాలు, నయీంనగర్, హన్మకొండ

నవ్వండి టీచర్ గారూ, పర్వాలేదు. గొండోలా బొమ్మ ఏ క్యాలెండర్ మీదైనా దొరుకుతుంది. అవి తొట్లు కావు, బావి గట్లు. వెనిస్ ఉప్పునీటి మడుగులో 118 చిన్న దీవుల మీద కట్టిన ఊరు, చుట్టూ నీళ్ళే కానీ తాగడానికి పనికిరావు. అందుకని వాళ్ళు ప్రతి వాడకట్టులో ఉన్న ఖాళీ జాగాను లోతుగా తవ్వి, ఉప్పునీరు ఊరకుండా అడుగున, పక్కలా జిగట మట్టి మెత్తి, గుంట నిండా ఇసుక పోసి, నడిమధ్యలో ఇటుకలతో బావి కట్టుకున్నారు. కప్పుల మీద, బండల మీద పడ్డ వాన ఆ జాగాలో వదిలిన రాతి జాలీల గుండా ఇసుకలోకి దిగి, వడపోసుకుని, మధ్య బావిలోకి చేరేది. వాన చాలని రోజుల్లో బ్రెంటా నది నీళ్ళు పడవల్లో తెచ్చి పోసేవాళ్ళు. 1884లో ఒడ్డు మీది నుంచి పైపుల్లో నీళ్ళు వచ్చాక వీటి పని అయిపోయింది, మూతలు పెట్టేశారు. ఇప్పటికీ వందల్లో ఉన్నాయి. టూరిస్టులు వాటి మీద బ్యాగులు పెట్టుకుని పిజ్జా తింటుంటారు, అదేంటని ఎవరూ అడగరు.

చెరువుల కింద బతికిన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళం కదా, ఏ దీవికి వెళ్ళినా, ఏ పాత ఊరికి వెళ్ళినా నాకు మొదట వచ్చే ప్రశ్న ఇదే: ఇక్కడివాళ్ళు ఏ నీళ్ళు తాగారు? దాని వెంట పోతే ఊరు ఎందుకు అట్లా కట్టారో, బజారు అక్కడే ఎందుకుందో సగం తెలిసిపోతుంది. కెమెరా ఎక్కడ పెట్టాలో కూడా.

అదే పేజీలో కింద మూలన ఉన్న ఇరుకు వాకిలి ఫొటో గురించి ఎవరూ అడగలేదు, కాబట్టి నేనే చెబుతా. అది రియాల్టో వంతెనకు దగ్గర్లోని కోర్టే సెకొండా దెల్ మిలియోన్. మార్కో పోలో వాళ్ళ ఇల్లు ఆ చుట్టుపక్కలే ఉండేదంటారు. ఆయన 13వ శతాబ్దం చివర్లో చైనా నుంచి సముద్రం మీదుగా తిరిగొస్తూ మన తీరం సంగతులు కూడా చెప్పాడు. మోటుపల్లిని ముత్‌ఫిలి అన్నాడు. అక్కడ ఒక రాణి న్యాయంగా ఏలుతోందనీ, వజ్రాలు దొరుకుతాయనీ, సాలెగూడంత సన్నని బట్టలు నేస్తారనీ చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవే అని చరిత్రకారుల మాట. అయితే ఆమెను చనిపోయిన రాజు భార్య అన్నాడాయన, ఆమె గణపతిదేవుడి కూతురు. రేవులో ఎవరో చెప్పింది విని ఉంటాడు. ఆ రేవుకు విదేశీ వర్తకులు నమ్మకంగా రావడానికి కారణం గణపతిదేవుడు 1244లో అక్కడ వేయించిన అభయ శాసనం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును పాత రాజులు లాగేసుకునేవాళ్ళు, మేం మామూలు సుంకం తప్ప ఏమీ తీసుకోం అని అందులో ఉంటుంది. వెనిస్‌లో ఆ వాకిట్లో నిలబడి ఓరుగల్లు గురించి ఆలోచించిన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో కానీ, మీరు వెళ్తే మాత్రం ఒకసారి నిలబడండి.

వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పొద్దున వచ్చి సాయంత్రం పోయే టూరిస్టుల దగ్గర 2024 నుంచి, కొన్ని ఎంచిన రోజుల్లో, ప్రవేశ రుసుం తీసుకుంటున్నారు. రాత్రి అక్కడే ఉంటే ఆ రుసుం ఉండదు, పైగా గుంపు వెళ్ళిపోయాక, తెల్లారి చెత్త పడవలు, కూరగాయల పడవలు తిరిగే వేళ మాత్రమే అది మనుషులుండే ఊరులా కనిపిస్తుంది.

అన్నా, లక్ష రూపాయలు బడ్జెట్. ఏ కెమెరా కొనాలి?
– కాజీపేట నుంచి ఒకరు

కొనకండి. ఎనభై వేలు టికెట్లకు పెట్టండి, మిగతాది చెప్పులకు. నడవడానికి మంచి చెప్పులు లేనివాళ్ళ ఫొటోలన్నీ బస్టాండు చుట్టే ఉంటాయి.

నేను డిగ్రీ చదువుతున్నా. ఫోన్ తప్ప ఏమీ లేదు, వెనిస్ పోవడం ఈ జన్మలో అయ్యేది కాదు. పాత నగరాల ఫొటోలు నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– విద్యార్థి, పరకాల

తమ్ముడూ, పరకాలలో బస్సెక్కి ఓరుగల్లు కోటకు వచ్చెయ్. ఇది ఓదార్పు కోసం చెప్పడం లేదు. గోడల లోపల ఇంకా జనం కాపురం ఉంటున్న పాత నగరాలు చూడటానికి డబ్బులు పెట్టి దేశాలు దాటుతున్నారు, మన కోటలో జనం ఉన్నారు, ఇళ్ళున్నాయి, పొలాలున్నాయి, కోట ద్వారంలోంచి స్కూలు ఆటోలు పోతుంటాయి.

చాలామంది చేసేదేంటంటే నేరుగా తోరణాల దగ్గర దిగి, కీర్తి తోరణం మధ్యలో నిలబడి సెల్ఫీ తీసుకుని, ఖుష్ మహల్ ముందు ఇంకొకటి తీసుకుని వెయ్యి స్తంభాల గుడికి పోవడం. నువ్వు తోరణాల దగ్గర మొదలుపెట్టకు. తూర్పు ద్వారమో పడమటి ద్వారమో దగ్గర ఆగు. రాతి కోట అడ్డంగా సుమారు 1.2 కిలోమీటర్లుంటుంది, చుట్టూ 45 బురుజులు, నాలుగు దిక్కులా నాలుగు ద్వారాలు. దారి నేరుగా లోపలికి పోదు, రెండుసార్లు మలుపు తిరుగుతుంది, శత్రువు ఏనుగుతో, గుర్రంతో వేగంగా దూసుకు రాకుండా. ఈ మలుపు ఫొటోలో రావడం కష్టం, అదే నీకు మొదటి పాఠం. ఒక బైకు మలుపు తిరిగేటప్పుడో, గొర్రెల మంద వచ్చేటప్పుడో నొక్కితే గోడ ఎందుకట్లా కట్టారో చూసినవాళ్ళకు అర్థమవుతుంది. ఖాళీ గోడ తీస్తే అర్థం కాదు. ఫోన్‌లో వైడ్ పెట్టకు, గోడలు రెండు పక్కలా వాలిపోయినట్టు వస్తాయి. వెనక్కి నడిచి రెండింతల జూమ్‌లో తియ్.

తర్వాత తోరణాలు. నాలుగు తోరణాలు నాలుగు దిక్కులా ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివుడి గుడి లేదు. 1323లో ఢిల్లీ సేన, ఉలుఘ్ ఖాన్ నాయకత్వంలో, కోట పట్టుకున్నాక ఆ గుడి పోయింది, ద్వారాలు మాత్రం మిగిలాయి. ప్రభుత్వ ముద్ర మీద ఆ తోరణం చూసీ చూసీ మనకు ఆ ఖాళీ కనిపించడం మానేసింది. ఒక్క తోరణం కాదు, ఒక దాంట్లోంచి ఎదురుగా ఉన్న దాన్ని తీయడానికి ప్రయత్నించు, మధ్యలో పడి ఉన్న ముక్కలు కూడా ఫ్రేములోకి రావాలి. పొద్దున ఏడు లోపల ఎండ పక్క నుంచి పడుతుంది, శిల్పం లేచి కనిపిస్తుంది. పదకొండు గంటలకు వచ్చి ఎండ బాగుంది అనుకుంటే ఏమీ రాదు, రాయి మొత్తం తెల్లగా చదునైపోతుంది.

ఇంకో పని. ఏకశిల గుట్ట ఎక్కి, ఊరి చుట్టూ నీళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కపెట్టు. కోట లోపల కుంటలు, బావులు, గోడ బయట కందకం, వీలైతే మర్నాడు భద్రకాళి చెరువు కట్ట. వీటన్నిటినీ కలిపి వరసగా పెడితే ఒక పాత నగరం గురించి నువ్వు చెప్పగలిగిన మొదటి కథ అదే అవుతుంది. ఫోన్‌తో తీయడానికి ఎవరూ అడ్డు చెప్పరు, స్టాండు పెడితే మాత్రం పురావస్తు శాఖ అనుమతి అడుగుతారు. డ్రోన్ సంగతి మర్చిపో.

దసరా తర్వాత ఎల్టీసీ మీద కుటుంబంతో అండమాన్ పోతున్నాం. ఫొటోల కోసం ఏమైనా జాగ్రత్తలు చెప్పండి. మా ఆవిడకు సూర్యాస్తమయం ఫొటో కావాలట.
– సింగరేణి ఉద్యోగి, గోదావరిఖని

మీ ఆవిడ గారికి సూర్యాస్తమయం కావాలంటే మధ్యాహ్నం నిద్ర మానేయాలి. అండమాన్ ఎంత తూర్పునున్నా గడియారం మనదే. వరంగల్ 79.6 డిగ్రీల రేఖాంశం మీదుంటే పోర్ట్ బ్లెయిర్ 92.7 మీదుంది, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకంటే దాదాపు 50 నిమిషాల ముందే తెల్లారుతుంది, ముందే పొద్దు గూకుతుంది. శీతాకాలంలో సాయంత్రం ఐదంటే చీకటి పడుతున్నట్టే లెక్క. భోజనం చేసి, కాసేపు పడుకుని, టీ తాగి బీచ్‌కు పోదాం అనుకునే మనవాళ్ళు రోజూ చీకట్లో దిగుతుంటారు. టికెట్ల మీద పోర్ట్ బ్లెయిర్ బదులు శ్రీ విజయపురం అని ఉంటే కంగారు పడొద్దు, 2024లో పేరు మార్చారు. హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ పేరు మీదుంది.

రాస్ దీవికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. బ్రిటిష్ వాళ్ళు అండమాన్‌ను అక్కడి నుంచే ఏలారు. 1941లో భూకంపం, మరుసటేడు జపాన్ సైన్యం, ఆ తర్వాత దాన్ని అడవి పట్టించుకుంది, ఇంకెవరూ పట్టించుకోలేదు. మర్రి జాతి చెట్లు వేళ్ళతో బంగళాల గోడలను కౌగిలించుకుని ఉంటాయి, చాలా చోట్ల గోడ కూలకుండా నిలబెట్టింది ఆ వేళ్ళే అనిపిస్తుంది. మబ్బు పట్టిన రోజున అక్కడికి, ఎండ కాసిన రోజున బీచ్‌కు పోండి, అందరూ దీనికి ఉల్టా చేస్తారు. సెల్యులార్ జైలు ఏడు రెక్కల్లో మూడే మిగిలాయి, మధ్య బురుజు ఎక్కితే మిగిలినవి చూసి పోయినవి ఊహించుకోవచ్చు. నీళ్ళ సంగతి అడగరని తెలుసు, అయినా చెబుతా: ఆ ఊరు ధనిఖారి డ్యాం నీళ్ళు తాగుతుంది, ఎండాకాలంలో కటకట పడుతుంది, హోటల్లో నల్లా వదిలేయకండి.

రెండు జాగ్రత్తలు. ఏసీ గదిలోంచి కెమెరా సరాసరి బయటకు తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది, బ్యాగు మూసి ఉంచి అరగంట బయట పెట్టి అప్పుడు తీయండి. రెండోది ముఖ్యం: బారాటాంగ్ వైపు పోయే రోడ్డు జరావా అనే ఆదివాసుల అడవిలోంచి పోతుంది. వాళ్ళను ఫొటో తీయడం నేరం. బస్సు అద్దంలోంచి తీసినా నేరమే. నేరం కాకపోయినా తీయకూడదు, వాళ్ళు ఎవరి సెలవుల కోసమూ అక్కడ లేరు.

దీవులు దీవులు అని ఎక్కడెక్కడో తిరుగుతున్నారు. మా లక్నవరంలో దీవులు లేవా? తెలంగాణ వాళ్ళకు తెలంగాణ కనబడదు.
– ములుగు నుంచి ఒక అన్న

కోపం న్యాయమే. కానీ అన్నా, లక్నవరం దీవులను అందరూ తీసినట్టు ఉయ్యాల వంతెన మీద నిలబడి తీయడం నాకు ఇష్టం లేదు. అవి కాకతీయుల చెరువు చేసిన దీవులు. గుట్టల మధ్య ఉన్న సందులను చిన్న చిన్న కట్టలతో మూస్తే నీళ్ళు నిలిచి, లోపలి గుట్టల నెత్తులు మాత్రం పైకి తేలాయి. అంటే అక్కడ కట్ట ముందు, దీవి తర్వాత. ఎండాకాలంలో నీళ్ళు దిగుతుంటే దీవులు పెరుగుతాయి, రెండు మూడు కలిసిపోతాయి కూడా. బోటు ఎక్కేవాళ్ళు తూము దగ్గరికి పోరు, ఆయకట్టు పొలాల వైపు అసలే పోరు. ఆ చెరువు మత్తడి దుంకే వారం ఎప్పుడో మీకు తెలుస్తుంది, మాకు వార్తల్లో చూసేదాకా తెలియదు. తెలియజేయండి, కెమెరా పట్టుకుని వస్తా.

సంతలో, గల్లీల్లో మనుషుల ఫొటోలు తీస్తుంటే ఒకాయన తిట్టాడు. మీరెట్లా తీస్తారు?
– కరీంనగర్ నుంచి

ఆయన తప్పేమీ లేదు. నేను ముందు మాట్లాడతా, బేరం ఆడతా, ఏదో ఒకటి కొంటా, తర్వాత కెమెరా చూపించి కళ్ళతో అడుగుతా. వద్దంటే సరే అని నవ్వి పోతా. వెనిస్ పక్కన బురానో అని రంగు రంగుల ఇళ్ళ దీవి ఉంది, లేసు అల్లకానికి పేరు. గోడల రంగులు బాగున్నాయని జనం వాళ్ళ కిటికీలకు ఆనుకుని, ఆరేసిన బట్టలు పక్కకు జరిపి మరీ ఫొటోలు దిగుతారు. వరంగల్ కొత్తవాడలో దర్రీలు నేసే ఇళ్ళ ముందు ఎవరైనా అట్లా చేస్తే ఊరుకుంటామా? మగ్గం తీయాలంటే గుంటలో కూర్చున్న మనిషి ఎత్తుకు మీరు దిగి కూర్చోవాలి, దానికెట్లాగూ అడగక తప్పదు. కాశీకి పోతే మణికర్ణికలో చితుల వైపు కెమెరా ఎత్తవద్దు, దీనికి అడగడం కూడా అవసరం లేదు.

ధోలవీర ఫొటోల్లో తెల్లటి నేల తప్ప ఏమీ కనిపించలేదు. రామప్పతో దానికి సంబంధం ఉందని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఏంటది?
– విశ్రాంత ఉద్యోగి, భూపాలపల్లి

సంబంధం ఏమీ గొప్పది కాదండీ, ఇద్దరికీ ఒకే వారంలో పిలుపొచ్చింది, అంతే. 2021 జులై 25న రామప్ప యునెస్కో జాబితాలోకి ఎక్కింది, 27న ధోలవీర ఎక్కింది. మన టీవీల్లో రామప్ప సంబరమే కానీ రెండోదాన్ని ఎవరూ చూపించలేదు.

నాకది నచ్చడానికి కారణం అది పాత నగరం, దీవి రెండూ కావడం. గుజరాత్‌లోని కచ్ రణ్ అనే ఉప్పు ఎడారిలో, ఖాదిర్ బేట్ అనే దీవి మీద హరప్పా కాలం నాటి నగరం. వానాకాలంలో చుట్టూ నీళ్ళు నిలిచి నిజంగానే దీవి అవుతుంది, శీతాకాలంలో ఆ నీళ్ళు ఎండి ఉప్పు మిగులుతుంది, మీరు చూసిన తెల్లటి నేల అదే. వానలు అంతంత మాత్రం, అయినా నాలుగున్నర వేల ఏళ్ళ కిందటే అక్కడ పెద్ద నగరం నడిచింది. ఊరికి రెండు పక్కల మన్సర్, మన్హర్ అనే వాగులున్నాయి, వానకు తప్ప పారవు. వాటికి అడ్డకట్టలు వేసి నీళ్ళను మళ్ళించి, కోట గోడల వెంట రాయి తొలిచి, రాయి పేర్చి, వరసగా జలాశయాలు కట్టారు. ఒక దాంట్లోకి మెట్లు దిగి నిలబడితే గోడ మనిషిని మించి ఉంటుంది. కాకతీయులు చెరువు పక్కన గుడి, గుడి పక్కన ఊరు కట్టారంటాం కదా, వాళ్ళు నగరాన్నే చెరువుల మధ్య పెట్టారు. ఉత్తర ద్వారం దగ్గర పది పెద్ద అక్షరాల పలక ఒకటి దొరికింది, పడిపోయిన బోర్డు లాంటిది. ఏమి రాసిందో ఇప్పటిదాకా ఎవరూ చదవలేకపోయారు. అది దొరికిన చోట నిలబడి చాలాసేపు చూశా, ఊరి పేరే అయి ఉంటుందని నా ఊహ, ఆధారం ఏమీ లేదు.

ఫొటోకు కష్టమైన చోటు. నేల తెల్లగా ఉండేసరికి ఫోన్ మోసపోయి అంతా బూడిద రంగుగా తీస్తుంది, స్క్రీన్ మీద వేలు పెట్టి వెలుతురు కొంచెం పెంచండి. రామప్పలో దీనికి ఉల్టా సమస్య, మదనికల నల్లరాయి అద్దంలా నునుపు, ఫోన్ దాన్ని తెల్లబరుస్తుంది, అక్కడ తగ్గించాలి. వెళ్ళాలంటే వరంగల్‌లో ఆగే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అహ్మదాబాద్ పోతుంది, అక్కడి నుంచి భుజ్, భుజ్ నుంచి రోడ్డు. ఖావ్డా మీదుగా ఉప్పు మధ్యలోంచి వేసిన కొత్త రోడ్డు చాలా బాగుంటుంది, కాకపోతే దారి పొడవునా కార్లు ఆపి రీల్స్ తీసేవాళ్ళు. నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపల వెళ్ళండి.

మా నాన్న చాలా ఏళ్ళు బహ్రెయిన్‌లో మేస్త్రీ పని చేసి వచ్చారు. అప్పటి ఆల్బమ్ ఒకటి ఉంది. ఒక ఫొటోలో తెల్లటి కమాను ద్వారం ముందు దోస్తులతో నిలబడ్డారు, ఇంకో దాంట్లో వెనక సముద్రం మీద పొడవైన వంతెన. ఫొటోలు జిగురు పేజీలకు అతుక్కుపోయి పసుపు పచ్చబడుతున్నాయి. ఆయనకు ఇప్పుడు సరిగా జ్ఞాపకం ఉండటం లేదు. ఇవి మీ శీర్షికకు పనికొస్తాయా, వీటిని ఎట్లా కాపాడాలి?
– జగిత్యాల జిల్లా నుంచి ఒక కూతురు

పనికొస్తాయా అని అడుగుతారేంటమ్మా. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ఇళ్ళలో ఇనుప పెట్టెల్లో ఉన్న ఇట్లాంటి ఆల్బమ్‌ల ముందు నా ఫొటోలు ఎందుకూ పనికిరావు. దీవిని చూసిపోయినవాళ్ళు తీసినవి కావు అవి, ఆ దీవిని కట్టినవాళ్ళు దిగినవి.

ఆ తెల్లటి ద్వారం మనామాలోని బాబ్ అల్ బహ్రెయిన్ అయి ఉంటుంది, 1940ల్లో కట్టారు. అప్పట్లో సముద్రం దాని ముంగిటే ఉండేది. తర్వాత సముద్రాన్ని మట్టితో పూడ్చి పూడ్చి ఊరిని ముందుకు జరిపారు, ఇప్పుడు అక్కడ నిలబడితే నీళ్ళే కనిపించవు. మీ ఫొటోలో వెనక ఏముందో చూడండి. వంతెన సౌదీకి వేసిన కింగ్ ఫహద్ కాజ్‌వే అనుకుంటున్నా, 25 కిలోమీటర్లు, 1986లో తెరిచారు. అది పూర్తయి బండ్లు పోతూ కనిపిస్తే ఫొటో ఆ తర్వాతిది, ఇంకా కడుతున్నట్టుంటే ముందుది. ఇట్లా ఒక్కొక్క ఫొటోకు ఏడాది తేల్చవచ్చు. మీ నాన్నగారికి ఏడాది జ్ఞాపకం లేకపోయినా, ఏ సైట్‌లో పని చేసినప్పుడు, పక్కన ఉన్నది ఏ ఊరి దోస్తు, ఆ చొక్కా ఎక్కడ కొన్నారు అని అడిగితే చెబుతారు, ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

ముహర్రక్ అనే పాత పట్నం పేరు వచ్చిందేమో అడగండి. అక్కడ ముత్యాలు తీసేవాళ్ళ ఇళ్ళు, వీధులు 2012లో యునెస్కో జాబితాలో చేరాయి. 1930ల్లో జపాన్ పెంపుడు ముత్యాలొచ్చి ఆ వ్యాపారం పడిపోయింది, అదే రోజుల్లో 1932లో చమురు పడింది, ఆ చమురే తర్వాత మన ఊళ్ళ మనుషులను అక్కడికి లాక్కెళ్ళింది. ఇక నా పాత ప్రశ్న: ఆ దీవిలో ఏ నీళ్ళు తాగేవాళ్ళు? సముద్రం అడుగున మంచినీటి ఊటలు ఉండేవి. ముత్యాల కోసం మునిగేవాళ్ళు తోలు తిత్తులు పట్టుకుని దిగి, ఊట నోటి దగ్గర నింపుకుని పైకి వచ్చేవాళ్ళు. ఆ ఊటలు ఇప్పుడు చాలావరకు ఎండిపోయాయి, సముద్రపు నీటిని శుద్ధి చేసి తాగుతున్నారు. మీ నాన్న క్యాంపులో నీళ్ళు ఎట్లా వచ్చేవో, ట్యాంకరా, కొనుక్కునేవాళ్ళా, అది తప్పకుండా అడిగి రాయండి, ఎవరూ రాయరు దాన్ని.

కాపాడటం గురించి. ముందు పేజీల మీదున్న ప్లాస్టిక్ పొర మెల్లగా తీసి, ఫొటోలు పేజీలో ఉండగానే స్కాన్ చేయించండి, 600 డీపీఐ చాలు. ఆ తర్వాతే ఊడదీయండి, ఎందుకంటే ఊడదీసేటప్పుడు చిరిగితే మళ్ళీ రాదు. పళ్ళ సందుల్లో శుభ్రం చేసుకునే సన్నని దారం మెడికల్ షాపులో దొరుకుతుంది, దాన్ని ఫొటోకూ పేజీకీ మధ్య పెట్టి రంపంలా మెల్లగా లాగితే జిగురు వదులుతుంది. వదలకపోతే బలవంతం చేయకండి, పేజీని చుట్టూ కత్తిరించి అట్లాగే ఉంచండి. నీళ్ళు తగలనివ్వవద్దు. లామినేషన్ చేయిస్తామని స్టూడియోవాళ్ళు అంటారు, వద్దని చెప్పండి. వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా ఇవతలికి దిగుతుంది. కాగితం కవర్లలో వేసి, గోడకు ఆనుకోని బీరువాలో పెట్టండి, మన వానాకాలం గోడల సంగతి తెలుసు కదా.

మాకు స్కాన్లు, మీరు రికార్డు చేసినది పంపితే చాలు. ఒరిజినల్స్ మాత్రం పోస్టులో పంపకండి.